గజాలా రాలేదు

వనపర్తి నుంచి పెద్దమందడి పోయే దారిలో, ఊరు దాటాక ఎడమ చేతి వైపు మూతపడిన పల్లీనూనె మిల్లు ఉంది. గేటు బయట, రోడ్డును ఆనుకుని లారీలు తూచే కాంటా. ఇనుప పలక తుప్పు పట్టి ఒక మూల కుంగిపోయింది. పక్కన చిన్న కాంటా గది. దాని కిటికీకి తలుపు లేదు. పగలు ఆ పలక మీద మేకలు పడుకుంటాయి. చీకటి పడితే మేకలు కూడా ఉండవు.

కాంటా కాడ మంచిది కాదని ఆ చుట్టుపక్కల అందరూ అంటారు. రాత్రి ఒంటరిగా పోతుంటే వెనక అడుగుల చప్పుడు వస్తుందట. ఆగితే ఆగుతుందట. నడిస్తే నడుస్తుందట. తిరిగి చూస్తే... ఏమీ ఉండదట.

ఈ మాట పాతది కాదు. పోయిన చలికాలం నుంచే మొదలైంది. లైట్లు లేని ట్రాక్టరు ఒకటి గజాలా అనే అమ్మాయిని అక్కడ కొట్టేసి పోయినప్పటి నుంచి.

నేను విన్నదాంట్లో కొంత మాసయ్య చెప్పింది, మిగతాది పద్మజ చెప్పింది. ఇద్దరి మాటలు కలవని చోట పద్మజ మాటే తీసుకున్నాను. ఆ దారిలో నడిచింది ఆమె కాబట్టి.

మాసయ్యది మిర్చి బండి. ఊరి చివర ఉన్న మార్టు ఎదురుగా పెడతాడు. పద్మజ ఆ మార్టులో బిల్లింగు కౌంటరు మీద పని చేస్తుంది. ఇల్లు మిల్లు దాటాక సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం కాలనీలో. రాత్రి మార్టు మూసే వేళకు ఆ దారిలో ఆటోలు ఉండవు. నడవాల్సిందే.

"ఏందక్కా, ఇయ్యాల గూడ మూసుడు డ్యూటీ నీకేనా?" అని మాసయ్య పొయ్యి ఆర్పుతూ అడిగేవాడు. "ఆ మిషిన్‌కు నువ్వంటే మస్తు పాణం ఉన్నట్టుంది."

"పాణం కాదన్నా, పగ."

"అయితే ఒక మాట ఇను. ఎన్క నుంచి ఎవరన్న పిలిస్తే పలుకకు. దెయ్యమైతే రెండుసార్లు పిలుస్తది, అంతే. మూడోసారి పిలిచిందంటే మనిషే."

"మూడోసారి దాక నిలబడే ధైర్యముంటే నేను పోలీసుల చేరకపోదునా?"

నవ్వేది. నవ్వు అయిపోయాక కొంగు భుజం చుట్టూ బిగించుకుని చీకట్లోకి నడిచేది.

మానుకోవచ్చు కదా అని అనుకోవచ్చు. మానుకునే వీలు లేదు.

పద్మజ భర్త భాస్కర్ ఇళ్లకు రంగులు వేసేవాడు. దసరా కాగానే ఒక మేడకు కట్టిన కట్టెల మీద నుంచి పడ్డాడు. తొడలో రాడ్లు వేశారు. మంచం మీద నుంచి లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. ఇంట్లో జీతం తెచ్చేది పద్మజ ఒక్కతే. ఆమె రాత్రి వచ్చి వడ్డించేదాకా అతను ఆకలితో గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు.

"బంద్ జెయ్ ఆ పని," అనేవాడు. "వచ్చే నెల నేను లేస్త."

"నువ్వు లేచినంక చూద్దాం. అప్పటిదాక నన్ను లేవనియ్."

పని మానకూడదు. కానీ మూసే డ్యూటీ మాత్రం వదిలించుకోవాలి. పద్మజకు కావలసింది అదొక్కటే.

ప్రతి సాయంత్రం ఆమె ఫోను మోగేది. మార్టు వాళ్ల యాప్. తెర మీద ఎప్పుడూ అదే మాట —

"గజాలా డ్యూటీకి రాలేదు. ఆమె బదులు మీరు వస్తారా?"

కింద రెండు గీతల మధ్య అవును. ఇంకో రెండు గీతల మధ్య కాదు.

గజాలా చనిపోయి అప్పటికి నెల దాటింది.

మొదటిసారి ఆ మాట చూసినప్పుడు పద్మజ ఫోను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టిందట. డబ్బాలోంచి కూడా మోగింది.

* * *

గజాలాది పక్క కౌంటరు. ఆమె తండ్రి చాంద్ పాషా ఆ మూతపడిన మిల్లుకు కాపలాదారు. మిల్లు లోపల ఒక గదిలోనే కాపురం. మూసే డ్యూటీ ఇద్దరికీ పడిన రోజు పద్మజ, గజాలా కలిసే నడిచేవారు. మిల్లు గేటు దగ్గర గజాలా ఆగిపోయేది. పద్మజ ఇంకొంచెం ముందుకు పోయేది.

మార్టు అమ్మాయిల్లో ఒక పద్ధతి ఉండేది. రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు తురక అమ్మాయిలను ఇంటికి పంపి, వాళ్ల డ్యూటీ తక్కినవాళ్లు చేసేవారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వాళ్లు వీళ్ల డ్యూటీ చేసేవారు. దీనికి కాగితం లేదు, అడగడం లేదు. పాత మేనేజరు పెన్సిలుతో చార్టులో పేర్లు మార్చేవాడు. పండుగ కాగానే రబ్బరుతో చెరిపేసేవాడు.

పోయిన ఎండాకాలం తర్వాత చార్టు పోయింది. డ్యూటీలు వేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పద్ధతి మాత్రం పోలేదు. బతుకమ్మ రాగానే గజాలా ఎప్పటిలాగే పద్మజ సాయంత్రాలన్నీ తన మీద వేసుకుంది. కొత్త మేనేజరు తౌఫీక్ ఆ మార్పులన్నీ యాప్‌లో ఎక్కించాడు.

"మీ పండుగ తొమ్మిది రోజులేనా?" అని గజాలా ఎగతాళి చేసింది. "మాది నెల. జర మీరు గూడ పెంచుకోండ్రి."

"పెంచితే పూలు నువ్వు తెస్తవా?"

"తెస్త. నీ మొగుని తోని కోయిస్త."

బతుకమ్మ అయిపోయింది. గజాలాకు మూసే డ్యూటీలు మాత్రం ఆగలేదు. వారం వారం అవే వచ్చాయి. మేనేజరు వేస్తున్నాడని ఆమె అనుకుంది. ఆమెకు అవే ఇష్టమని మేనేజరు అనుకున్నాడు. భాస్కర్ అప్పుడే మంచాన పడ్డాడు కాబట్టి, ఆ సాయంత్రాలు తను వదిలితే పద్మజ మీద పడతాయని గజాలా ఎవరితోనూ ఏమీ అనలేదు.

పద్మజకు ఇదంతా తెలిసింది తర్వాతే — తౌఫీక్ గదిలో, కంప్యూటరు ముందు.

"సార్, పోయినామె పేరు మీద డ్యూటీ ఎట్ల ఏస్తరు మీరు?"

"నేను ఎయ్యట్లేదు అక్కా. అదే ఏసుకుంటది." తౌఫీక్ చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ లాగి చూపించాడు. "పోయినేడాది ఈ రోజు ఏ గంటకు ఎన్ని బిల్లులు అయినయో చూస్తది. వాన, పండుగ, జీతాల వారం... అన్నీ చూస్తది. ఏ గంటకు ఎంతమంది కావాల్నో లెక్క కడ్తది. అటెన్క పేర్లు నింపుతది."

"ఏ పేరు యాడ పెట్టాల్నో దానికెట్ల ఎరుక?"

"మనం చేసిందాన్ని చూసి నేర్చుకుంటది. తొమ్మిది రోజులు వరుసగ గజాలా మూసే డ్యూటీకి ఒప్పుకుంది. ఒక్కసారి గూడ కాదనలే. ఇగ ఆమెకు అదే ఇష్టమనుకుంది."

పద్మజ తెర వైపు చూసింది. గజాలా పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది.

"ఇష్టం కాదు సార్. బతుకమ్మ."

తౌఫీక్ మౌసు మీద నుంచి చేయి తీశాడు.

"మరి ఆమె రాకుంటే నన్నే ఎందుకు అడుగుతది? ఇంతమంది ఉన్నరు కద?"

"ఆ తొమ్మిది మార్పులు మీ ఇద్దరి నడుమనే అయినయి. దాని లెక్కల మీరిద్దరు ఒక జోడు. ఒకరు లేకుంటే ఇంకొకరు."

"రానోళ్లను తీసెయ్యదా?"

"డ్యూటీ ఖాళీగ ఉంటే తీసేస్తది. నువ్వు వస్తున్నవ్ కద అక్కా. డ్యూటీ నిండుతుంది. నిండినంక దానికి ఫికర్ లేదు."

అంటే తను పోతున్నందుకే గజాలా ఉంది. పోకుండా ఉండాలంటే — కాదు అని నొక్కాలి. నాలుగుసార్లు కాదంటే పని గంటలు తగ్గుతాయి. అట్లా తగ్గి తగ్గి ఇద్దరు అమ్మాయిలు ఇంటికి పోవడం పద్మజ చూసింది.

"దీనికి దారి లేదా సార్?"

"ఉంది. చనిపోయినట్టు మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్ వాళ్లింటోళ్లు ఇస్తే పేరు తీపిస్త. ఎన్నోసార్లు ఫోను చేసిన. ఇస్తలేరు."

పద్మజ కూడా చేసింది. బిడ్డ పోయాక చాంద్ పాషా మిల్లు పని వదిలి గద్వాలలో తమ్ముడి ఇంటికి పోయాడు. ఫోనులో అతని గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"కాగితం నా కాడ లేదు బిడ్డా. దాని తల్లి కాడ ఉంది."

"అమ్మీకి ఇయ్యండి ఫోను."

"ఆమె ఈడ లేదు. కల్వకుర్తిల చెల్లె ఇంటికి పోత అని పోయింది. ఫోను ఎత్తది." పెట్టేయబోయి మళ్లీ అన్నాడు. "ఆమెను పరేషాన్ చెయ్యకు బిడ్డా..."

దారి మూసుకుపోయింది.

* * *

కాంటా దగ్గర అడుగులు మొదటిసారి విన్నది ఒక మంగళవారం.

అంతకు ముందు రాత్రి ఒక వెలుగు కనిపించింది. కాంటా గది కిటికీలో చిన్న వెలుగు — పసుపుగా — అటూ ఇటూ ఊగి, ఆమె వైపు తిరిగింది. పద్మజ కేక పెట్టి రోడ్డు మీదికి ఉరికింది. ఎదురుగా వస్తున్న లారీ బ్రేకు వేయకపోతే ఆ రాత్రితో ఆమె కథ కూడా అయిపోయేది. డ్రైవరు బూతులు తిట్టి పోయాడు.

తర్వాత రాత్రి వెలుగు లేదు. అడుగులు ఉన్నాయి.

మెల్లగా. ఒక కాలు ఆనించి, ఇంకో కాలు ఈడ్చినట్టు...

ఆమె ఆగింది. అవి ఆగాయి.

గజాలా చనిపోయిన చోటు అదే. పద్మజ వెనక్కి చూడలేదు. "నేను అడిగి చేయించుకోలేదే... నీ అంతల నువ్వే చేసినవ్ గద," అని నడుస్తూనే గుసగుసగా అంది. ఎవరితో అందో ఆమెకే తెలియదు. కాలనీ దీపాలు కనపడేదాకా ఆ అడుగులు వెంట వచ్చాయి. దీపాలు రాగానే నిలిచిపోయాయి.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. గజాలా రాలేదు. మీరు వస్తారా?

భాస్కర్ మందుల చీటీ దిండు కింద ఉంది. పద్మజ 'అవును' నొక్కింది.

అట్లా చాలా రాత్రులు గడిచాయి. ఆమె చిక్కిపోయింది. బిల్లుల్లో తప్పులు వచ్చాయి. మాసయ్య ఒక నిమ్మకాయ ఇస్తే బ్లౌజులో పెట్టుకుంది. ఇంట్లో చెప్పలేదు. చెప్తే భాస్కర్ పని మానిపిస్తాడు. మానితే ఇద్దరూ పస్తులుంటారు. దెయ్యానికి భయపడి పస్తులుండడం కంటే భయపడుతూ నడవడమే నయమని లెక్క వేసుకుంది.

చివరికి ఒక రాత్రి —

చలి బాగా ఉంది. మంచు కమ్మి రోడ్డు అంచు కనిపించడం లేదు. కాంటా దాటింది. వెనక అడుగులు మొదలయ్యాయి. ఎప్పటికంటే దగ్గరగా.

"పద్మజా..."

నడక ఆపలేదు. పలకలేదు.

"పద్మజా..."

ఆడగొంతు. ఆ గొంతులో ఎక్కడో గజాలా ఉంది. పద్మజ కళ్లు మూసుకునే నడిచింది. నిమ్మకాయను గుప్పిట్లో బిగించింది. ఇంకోసారి పిలవాలి. పిలవకపోతే...

మిల్లు రేకుల మీద నుంచి మంచు చుక్కలు పడుతున్న చప్పుడు...

"పద్మజా, రోడ్డు నడిమికి పోతున్నవ్ బేటా. పక్కకు రా. ఎన్కంగ బండి వస్తుంది."

మూడో పిలుపు.

ఒక చేయి ఆమె మోచేయి పట్టి పక్కకు లాగింది. వెచ్చని చేయి. లైట్లు లేని బండి ఒకటి గాలిలా పక్క నుంచి దూసుకుపోయింది.

పద్మజ తిరిగి చూసింది. నల్లటి శాలువా కప్పుకుని, మోకాలు పట్టుకుని వంగి రొప్పుతున్న ముసలామె.

గజాలా తల్లి. కుల్సుమ్‌బీ.

* * *

కాంటా గదిలో గోనెసంచుల మీద కూర్చున్నారు. టార్చిలైటు వెలుగులో ఒక చాప, నీళ్ల సీసా, రొట్టెల గుడ్డ.

"కల్వకుర్తిల ఉన్నవన్నరు కద అమ్మీ?"

"పాషాకు గట్ల చెప్పిన. మిల్లు తాళం ఒకటి నా కాడనే ఉంది. ఎవరికి చెప్పకు. తెలిస్తే గద్వాలకు గుంజుకపోతడు."

"మరి... ఇన్ని దినాలు... నా ఎన్క నడిచింది నువ్వేనా?"

"మొదటి రోజు లైటు ఏసిన. నువ్వు లారీ కిందికి ఉరికినవ్. గుండె ఆగినంత పనైంది. అటెన్క లైటు ఎయ్యలే." కుల్సుమ్‌బీ మోకాలు రుద్దుకుంది. "పిలుద్దామనుకున్న. పిలిస్తే గూడ ఉరుకుతవేమో అని..."

"దెయ్యమనుకున్న అమ్మీ."

"అందరు అట్లనే అనుకుంటున్నరు. మంచిదే. తాగుబోతులు ఇటు వస్తలేరు."

నవ్వడానికి ప్రయత్నించింది. రాలేదు.

"రోజు నేను కాంటా దాక ఎదురు పోయేదాన్ని. కాళ్లు నొస్తున్నయి, రాకు అమ్మీ అని నా మీద ఒట్టు పెట్టింది. ఆ వారమే ఇన్న దాని మాట. ఎన్నడు ఇననిదాన్ని — ఆ వారమే ఇన్న." శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు ఎవ్వరు ఒంటిగ పోయినా నాకు నిద్ర పట్టది."

పద్మజ ఆమె చేయి పట్టుకుంది. సర్టిఫికెట్ గురించి అడగాలి. ఇన్నాళ్లూ వెతుకుతున్న మనిషి ఎదురుగానే ఉంది. నోరు రాలేదు.

కుల్సుమ్‌బీయే అడిగింది.

"ఇంట్ల ఉన్నప్పుడు కాగితం అడగనీకి ఫోను చేసి మార్టోళ్లు చెప్పిండ్రు. దాని పేరు మీద రోజు ఫోను వస్తదట కద నీకు? ఏమని వస్తది?"

"గజాలా రాలేదు... అని."

"రోజు అడుగుతదా?"

"రోజు."

ముసలామె రొట్టెల గుడ్డ మడతలు సరిచేసింది.

"అందుకే ఇయ్యలే బేటా కాగితం. నలభయ్యో దినం అయినంక చుట్టాలు అడుగుడు బంద్ చేసిండ్రు. పాషా దాని పేరెత్తితే లేచి పోతడు. దుకాణాల, గల్లీల ఎవ్వరు అడగరు. ఆ ఒక్క మిషినే... నా బిడ్డ ఎందుకు రాలేదని రోజు అడుగుతది. ఆ కాగితం ఇస్తే అది గూడ అడగదు కద?"

పద్మజ గోనెసంచి మీద నుంచి లేచింది. "పోత అమ్మీ. ఆయన ఆకలితో ఉంటడు."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కుల్సుమ్‌బీ గొంతు మళ్లీ వచ్చింది.

"ఆగు."

జాకెట్లోంచి ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో నాలుగు మడతల కాగితం.

"వద్దు అమ్మీ."

"నీ మొగుడు మంచంల ఉన్నడు. చీకట్ల చస్తూ బతుకుతున్నవ్. ఎన్క నడుస్తున్న నాకు కనపడదా?" కాగితం ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "గజాలా ఉంటే ఎన్నడో ఇచ్చేది. నాకే లేటైంది."

* * *

తౌఫీక్ గజాలా పేరు తీయించాడు. రెండు రోజులు పట్టింది. మూడో సాయంత్రం పద్మజ ఫోను మోగలేదు. మోగలేదని ఆమె చేతిలో పట్టుకుని చాలాసేపు చూసిందట.

సాఫ్ట్‌వేర్ మళ్లీ లెక్క కట్టుకుంది. మూసే డ్యూటీలు అందరికీ కొన్ని కొన్ని పడ్డాయి. కొత్తగా చేరిన సింధూజ ఒక పొద్దున కళ్లు ఎర్రగా వేసుకుని వచ్చింది.

"అక్కా, కాంటా కాడ ఎన్క అడుగులు..."

"నీ దారిన నువ్వు నడువ్," అంది పద్మజ. "అవి నిన్నేం చెయ్యవు. ఎన్క ఎవరన్న ఉన్నరంటే మంచిదే అనుకో."

పద్మజ వంతు పది రోజులకు వచ్చింది. అది ఆమె సొంత డ్యూటీ, ఎవరి బదులూ కాదు. రాత్రి కాంటా దగ్గరకు వచ్చేసరికి గది గుమ్మంలో కుల్సుమ్‌బీ నిలబడి ఉంది. ఈసారి వెనక కాదు, పక్కకు వచ్చి నడిచింది. కుడి కాలు ఈడుస్తూ.

కొంత దూరం పోయాక అడిగింది.

"ఇయ్యాల అడిగిందా బేటా?"

కాగితం ఇచ్చింది ఆమే. ఇస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలుసని పద్మజకు కూడా తెలుసు.

"అడిగింది అమ్మీ."

"ఏమని?"

"గజాలా రాలేదు, ఏమైంది అని."

"నువ్వేం చెప్పినవ్?"

పద్మజ కొంగు సర్దుకుంది.

"జర ఆలస్యమైతది... వస్తుంది అని చెప్పిన."

కుల్సుమ్‌బీ తల ఊపింది. నడక ఆపింది. టార్చి వెలిగించి ముందు దారి మీద కాకుండా వెనక్కి, మార్టు నుంచి వచ్చే ఖాళీ రోడ్డు మీదికి తిప్పి పట్టుకుంది.

మంచులో ఆ వెలుగు ఎంతో దూరం పోలేదు.

ఇద్దరూ అక్కడే కాసేపు ఆగారు.